షుగర్ మాత్రలకు తోడు మూలికలు: చెన్నైలో దొరికేవాటిలో ఏది కలుపుకోవచ్చు, ఏది వద్దు

చెన్నైలో షుగర్ వచ్చినవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. పొద్దున వాకింగ్‌కు వెళ్తే పార్కు గేటు పక్కన ఒకాయన స్టీలు క్యాన్లలో కాకర రసం, గరిక రసం, అరటి దూట రసం పెట్టుకుని నిలబడి ఉంటాడు. పార్క్ టౌన్‌లోని రాసప్ప చెట్టి వీధికి వెళ్తే నాట్టు మరుందు, అంటే నాటు మందుల, కొట్ల ముందు వేళ్లు, గింజలు, ఎండు పూలు బస్తాల్లో కనిపిస్తాయి. మైలాపూర్ కచేరీ రోడ్డులోని డబ్బా చెట్టి కొట్టుకు నూరేళ్లు దాటాయి, ఇంకా పేరు తగ్గలేదు. ఇక ఊరి నుంచి పిన్ని పంపిన నేరేడు గింజల పొడి సరేసరి.

అందుకే "మాత్రలా, మూలికలా" అన్న వాదన ఇక్కడ పెద్దగా పనికిరాదు. చాలా ఇళ్లలో రెండూ నడుస్తున్నాయి, ఒకటి డాక్టరుకు తెలిసి, రెండోది తెలియకుండా. మూలిక మంచిదా కాదా అనేది తర్వాత చూద్దాం. దాన్ని ఏ మాత్ర మీద వేస్తున్నారో ముందు తేలాలి. ఒకే కాకర రసం ఒకరికి నష్టం లేకుండా పోతుంది, పక్కింటాయన్ని కళ్లు తిరిగి పడిపోయేలా చేస్తుంది. ఆ తేడా మాత్రల్లో ఉంది.

ముందు స్ట్రిప్ తిప్పి చూడండి

"నేను వేసుకునేది ఒక్క మాత్రే" అనేవాళ్ల స్ట్రిప్ వెనక్కి తిప్పితే, చిన్న అక్షరాల్లో రెండు మందుల పేర్లుంటాయి, ఒక్కోసారి మూడు. పేరు చివర ఎమ్1, ఎమ్2 అని ఉంటే చాలావరకు అందులో గ్లిమెపిరైడ్ 1 లేదా 2 మిల్లీగ్రాములు, దానికి తోడు మెట్‌ఫార్మిన్ ఉంటాయి. ఈ మొదటి పేరే మనకు ముఖ్యం.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఒకే జాతి మందులు. మీరు తిన్నారా లేదా అని చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. వీటి మీద షుగర్ తగ్గించే మూలిక ఏది పడినా రెండూ కలిసి రక్తంలో షుగర్‌ను 70 కిందికి లాగే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ ఇదే మాట. కాకరకాయ కూర, క్లోర్‌ప్రొపమైడ్ అనే ఈ జాతి పాత మాత్ర కలిసిన కేసు ఒకటి 1979లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అంటే డాక్టర్లకు ఇది కొత్త సంగతేమీ కాదు, మనమే చెప్పకుండా దాస్తున్నాం.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం బాగా తక్కువ. అది ప్రధానంగా కాలేయం నుంచి గ్లూకోజ్ తయారీని తగ్గిస్తుంది, ఇన్సులిన్‌ను పిండదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివి కూడా ఒంటరిగా వాడితే షుగర్‌ను మరీ కిందికి దించడం అరుదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ దారి వేరు. అవి గ్లూకోజ్‌ను మూత్రంలో బయటికి పంపుతాయి, దాంతో నీరూ పోతుంది. ఇవి వాడుతూ కలబంద రసమో విరేచనకారి చూర్ణమో పట్టుబట్టి తాగితే ఒంట్లో నీరు తగ్గి నీరసపడతారు. మే నెల చెన్నై ఎండలో ఇది ఉత్త మాట కాదు.

మూడు మందుల మాత్ర వాడేవాళ్లకు ఇంకో సంగతి. ఆ మూడోది వోగ్లిబోస్ అయి ఉంటే, షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్లు త్వరగా పనిచేయవు, ఎందుకంటే పంచదారను విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది. అలాంటివాళ్ల ఇంట్లో గ్లూకోజ్ పొడి ఉండాలి. మిగతావాళ్లకు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ గ్లూకోమీటర్‌తో చూసుకుంటే సరిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, మాట తికమక పడటం దీని గుర్తులు. గ్లిమెపిరైడ్ వల్ల పడిపోయిన షుగర్ కాసేపటికి మళ్లీ పడిపోవచ్చు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు. తేరుకున్నారు కదా అని ఒంటరిగా వదిలి వెళ్లకూడదు.

వంటింటి సరుకు

మూలికలన్నిటిలో నేను ముందు వరసలో పెట్టేది మెంతులు. వాటిలోని కరిగే పీచు కడుపులో జిగురులా మారి పిండిపదార్థాల అరుగుదలను నెమ్మదింపజేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు దీనిమీద పనిచేశారు. వాళ్లు 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రోజుకు వాడింది 100 గ్రాముల నూనె తీసిన మెంతిపొడి. మనం రాత్రి నానబెట్టుకునే చెంచాడు మెంతులకు, దానికి పోలిక లేదు. చెంచాడు మెంతులు తిని హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 9 నుంచి 6కు వస్తుందని ఆశించకండి. అయితే భోజనం తర్వాత పెరిగే షుగర్‌ను కొంచెం తగ్గిస్తాయి, మలబద్ధకం పోతుంది, ఖర్చు దాదాపు లేదు.

ఒక్క జాగ్రత్త. ఆ జిగురు మాత్రలనూ పట్టుకుంటుంది. మాత్రకూ మెంతులకూ గంట, రెండు గంటల ఎడం పెట్టండి. షుగర్‌తో పాటు థైరాయిడ్ ఉన్న ఆడవాళ్లు లేవగానే థైరాయిడ్ మాత్ర, వెంటనే మెంతి నీళ్లు తాగడం నేను చాలా ఇళ్లలో చూశాను. అలా చేస్తే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. మెంతులు సాయంత్రానికి మార్చుకుంటే సరి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టరును అడగకుండా మోతాదు పెంచకూడదు.

కాకరకాయను కూరగా తినడం వేరు, రసంగానో క్యాప్సూల్‌గానో మందులా వేసుకోవడం వేరు. థాయ్‌లాండ్‌లో చేసి 2011లో ప్రచురించిన ఒక పరీక్షలో రోజుకు 2000 మిల్లీగ్రాముల కాకరకాయ పొడిని 1000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్‌తో పోల్చారు. కాకర కొంత పనిచేసింది, మెట్‌ఫార్మిన్ కంటే తక్కువ. 2012లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష అన్ని పరీక్షలనూ కలిపి చూసి, గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. కాబట్టి వారానికి రెండుసార్లు కాకరకాయ కూర తినండి, గ్లిమెపిరైడ్ జాతి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లయితే షుగర్ చూసుకుంటూ తినండి. మన పద్ధతిలో బెల్లం దట్టించిన కాకర పులుసు మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది బెల్లం వంటకం.

దాల్చినచెక్క గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. బిర్యానీలో, టీలో వేసుకోండి. రోజూ చెంచాలతో తింటే మాత్రం బజారులో ఎక్కువగా దొరికే మందపాటి కాసియా రకంలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, కాలేయానికి అది మంచిది కాదు.

పార్కు గేటు దగ్గరి రసాలు

వీటికి నా ఓటు లేదు. కారణం శుభ్రత ఒక్కటే కాదు.

పొద్దున జరిగేది ఇదీ. ఇంట్లో ఆరింటికి ఎమ్2 మాత్ర వేసుకుంటారు. పార్కులో నాలుగు రౌండ్లు నడుస్తారు. గేటు దగ్గర ఖాళీ కడుపున గ్లాసుడు కాకర రసం. బెంచీ మీద కబుర్లు. ఇడ్లీ తినేసరికి తొమ్మిదవుతుంది. మాత్ర, నడక, రసం, ఆలస్యమైన టిఫిన్, నాలుగూ షుగర్‌ను కిందికే లాగుతాయి. గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర టిఫిన్‌తో పాటు గానీ దానికి కొంచెం ముందు గానీ వేసుకోవాల్సినది, వాకింగ్‌కు ముందు కాదు.

సొరకాయ రసం సంగతి ఇంకా పెద్దది. సొరకాయ ఒక్కోసారి చేదుగా ఉంటుంది, ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం. 2010లో ఢిల్లీలో షుగర్ ఉన్న ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ కలిపిన రసం తాగి చనిపోయాక, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ సలహా సూటిగా ఉంది: చిన్న ముక్క కోసి రుచి చూడాలి, చేదుంటే పారేయాలి, సొరకాయ రసాన్ని వేరే ఏ రసంతోనూ కలపకూడదు. కాకర కలిపితే సొరకాయ చేదు తెలియదు కదా, కిటుకంతా అక్కడే ఉంది. క్యాన్‌లో ముందే కలిపి తెచ్చిన రసంలో మీరు ఏ ముక్క రుచి చూస్తారు? తాగాక వాంతులు, విరేచనాలు, రక్తం పడటం కనిపిస్తే ఇంట్లో మజ్జిగ తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాట్టు మరుందు కొట్లో విడి పొడులు

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. కొట్లో సిరుకురింజాన్ అని ఇచ్చేది మన పొడపత్రి. సీందిల్ మన తిప్పతీగ. ఆవారంపూ తంగేడు పువ్వు, నావల్ కొట్టై నేరేడు గింజ. ఈ పేర్లు తెలియక ఇంట్లో పొడపత్రి క్యాప్సూల్ వేసుకుంటూ, కొట్లోంచి తెచ్చిన సిరుకురింజాన్ పొడి కూడా కలిపేవాళ్లున్నారు. రెండింతల మోతాదు అయినట్టు వాళ్లకు తెలియదు.

విడి పొడుల్లో కాస్త ఆధారం ఉన్నది పొడపత్రికే. ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు, ఇది ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు. 1990లో మద్రాసులోని పరిశోధకులే టైప్ 2 షుగర్ ఉన్న 22 మందికి, వాళ్లు వాడే మాత్రలు ఆపకుండా, రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. మాత్రల మోతాదు తగ్గించగలిగారు, ఐదుగురు పూర్తిగా మానగలిగారు. అమ్మేవాళ్లు ఈ ఐదుగురినే చెబుతారు, మిగతా పదిహేడుగురిని చెప్పరు. పైగా అది చిన్న అధ్యయనం, ఎవరికి ఏమిస్తున్నారో దాచి చేసింది కాదు. అయినా అందులో మనకు పనికొచ్చే సంగతి ఉంది: సారం మొదలుపెట్టిన వాళ్లకు మాత్రల మోతాదు తగ్గించాల్సి వచ్చింది. అంటే దానికి మందు గుణం ఉంది, కాబట్టి మందులాగే చూడాలి.

తంగేడు పువ్వు గురించి తమిళంలో ఒక సామెత ఉంది, ఆవారం పూసి ఉండగా చచ్చేవాళ్లను చూశామా అని. బతుకమ్మ పేర్చేవాళ్లకు ఈ పువ్వు మీద ప్రేమ సహజమే. ఎండు పూలతో అప్పుడప్పుడు టీ కాచుకుంటే నేనేమీ అనను. షుగర్‌కు మందుగా మాత్రం మనుషుల మీద చేసిన మంచి పరీక్షలు దీనికి లేవు. నేరేడు గింజల పొడి, బాల్కనీలో పెంచే ఇన్సులిన్ మొక్క కూడా ఈ కోవలోవే.

తిప్పతీగను నేను వద్దనే అంటాను. కోవిడ్ రోజుల్లో రోజూ తాగినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, పోలికలు ఉన్న వేరే తీగ అయి ఉండొచ్చంది. ఆ మాటే నిజమనుకున్నా, ఏ తీగో తెలియని కాడను కొట్లో కొనే మనకు దానివల్ల ధైర్యం పెరగదు.

అన్నిటికంటే చెడ్డది పేరు లేని పొట్లం. "షుగర్ పొడి" అని చెప్పి, ఏమేం కలిపారో చెప్పకుండా ఇచ్చేది. అందులో కల్తీగా షుగర్ మాత్రలే నూరి కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మూలికా మందుగా అమ్మిన సరుకులో గ్లిబెన్‌క్లమైడ్, ఫెన్‌ఫార్మిన్ దొరికాయి. ఫెన్‌ఫార్మిన్‌ను మన దేశంలో కూడా నిషేధించారు. పేరు లేని పొడి వాడిన వారంలోనే 250 ఉన్న ఫాస్టింగ్ 110కి దిగితే సంబరపడకండి, అనుమానపడండి.

డబ్బాల్లో వచ్చే బ్రాండు మందులు

బీజీఆర్-34ను లక్నోలోని సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి) సంస్థలు తయారు చేశాయి, ఆయుష్-82 కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలిది. ప్రభుత్వ సంస్థల పేరుండటంతో చాలామంది వీటిని మాత్రల బదులు వాడొచ్చనుకుంటారు. లేబుల్ చదివితే మొదటిదానిలో పొడపత్రి, తిప్పతీగ, మెంతులు, రెండోదానిలో కాకర గింజలు, నేరేడు గింజలు, పొడపత్రి కనిపిస్తాయి. పైన చెప్పుకున్న సరుకే. మెట్‌ఫార్మిన్‌కు ఉన్నంత ఆధారం వీటికి లేదు. విడి పొడి కంటే మెరుగైన సంగతి ఒకటుంది: తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, మోతాదు ఉంటాయి. కొనాలనుకుంటే లైసెన్సు నంబరు లేని డబ్బా ముట్టుకోవద్దు. "షుగర్ పూర్తిగా నయం" అని ప్రకటన ఇచ్చే డబ్బా కూడా వద్దు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం షుగర్‌ను నయం చేస్తామని ప్రకటించడమే తప్పు. చట్టం తప్పి ప్రకటన వేసేవాడు డబ్బాలో సరిగా వేస్తాడని నాకు నమ్మకం లేదు.

లేహ్యాలు, అరిష్టాలు కూడా ఒకసారి చదవండి. లేహ్యంలో సగం బెల్లమే. అరిష్టం, ఆసవం బెల్లంతో పులియబెట్టినవి, సహజంగా పుట్టిన ఆల్కహాల్ ఎంత శాతమో సీసా మీదే ఉంటుంది. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపున తాగాల్సినవి కావు.

సిద్ధ, ఆయుర్వేద డాక్టరు దగ్గర

మూలికలు వాడాలనే పట్టుదల ఉంటే చెన్నైలో నేను చూపించే దారి ఇదే. తాంబరం శానటోరియంలో తమిళుల సంప్రదాయ వైద్యమైన సిద్ధకు జాతీయ సిద్ధ సంస్థ ఉంది, లోకల్ రైలు దిగితే దగ్గరే. అరుంబాక్కంలో అరిజ్ఞర్ అన్నా ప్రభుత్వ భారతీయ వైద్య ఆసుపత్రి ఉంది. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణలోనే సిద్ధ విభాగం ఉంటుంది. అక్కడి డాక్టరు మీ రిపోర్టులు చూస్తారు, ఏ పొడి ఎందుకిచ్చారో కాగితం మీద రాస్తారు. రాసప్ప చెట్టి వీధిలో గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన ఎంత అనుభవజ్ఞుడైనా మీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే పరీక్ష) అడగడు.

అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇందులో పర్పం, చెందూరం, భస్మం ఏమైనా ఉన్నాయా అండీ?" ఇవి లోహాలు, ఖనిజాలతో చేసేవి. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు ఇప్పటికే బరువు ఎక్కువ, ఇవి వద్దని చెప్పే హక్కు మీకుంది. ఆకులతో, గింజలతో చేసినదే ఇమ్మని అడగండి.

మరి ఎవరికి ఏది?

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతూ, హెచ్‌బీఏ1సీ 7, 7.5 దగ్గర ఉండి, కిడ్నీ, కాలేయం బాగున్నవాళ్లకు వంటింటి మెంతులు, కాకర కూర హాయిగా చేర్చుకోవచ్చు. ఇంకో అడుగు వేయాలనుకుంటే ఒక్క పొడపత్రి, లైసెన్సున్న తయారీ, డాక్టరుకు చెప్పి. ఒకేసారి మూడు రకాలు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది చెరుపు చేసిందో ఎవరూ చెప్పలేరు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు బీ12 పరీక్ష కూడా చేయించుకోండి, కాళ్ల తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే కాకపోవచ్చు.

గ్లిమెపిరైడ్ జాతి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు వంట వరకే. సారాలు, క్యాప్సూళ్లు, రసాలు కావాలంటే ముందు డాక్టరుతో మాట్లాడి మాత్ర మోతాదు తగ్గించే ఏర్పాటు ఉండాలి. మొదటి రెండు వారాలు పరగడుపున, మధ్యాహ్న భోజనానికి ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. ఒంటరిగా ఉండే డెబ్బై దాటిన అమ్మానాన్నలకైతే నేను అది కూడా వద్దంటాను. పిల్లలు ఎక్కడో ఉంటారు, రాత్రి షుగర్ పడిపోతే చూసేవాళ్లుండరు.

గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉండి డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్లు షుగర్ అంకె బాగుందని ఆ మాత్ర ఆపకూడదు. అది షుగర్ కోసమే ఇచ్చింది కాదు, గుండెకూ కిడ్నీకీ కాపు కాయడానికి ఇచ్చింది. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. 1998లో వచ్చిన బ్రిటన్ పరిశోధన, బరువు ఎక్కువ ఉన్న షుగర్ రోగుల్లో మెట్‌ఫార్మిన్ వల్ల గుండెపోట్లు, మరణాలు తగ్గాయని చూపింది. ఏ మూలికా ఇప్పటివరకు షుగర్ అంకె దాటి ఆ మాట రుజువు చేయలేదు.

కొత్తగా షుగర్ బయటపడి, "ముందు మూలికలు చూసి, తర్వాత మాత్రలు" అనుకునేవాళ్లకు: హెచ్‌బీఏ1సీ 9 దగ్గర ఉంటే ఆ ఆలోచన మానుకోండి. అంచున ఉంటే ముందు తిండి, నడక, బరువు గురించి డాక్టరుతో మాట్లాడి ఒక గడువు పెట్టుకోవచ్చు. మాత్రల ఖర్చు గురించైతే భయం అక్కర్లేదు. 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం (ప్రజల దగ్గరికే వైద్యం) అనే తమిళనాడు ప్రభుత్వ పథకంలో బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు, 2025లో తెరిచిన ముదల్వర్ మరుందగాల్లో (ముఖ్యమంత్రి మందుల షాపుల్లో) తక్కువ ధరకు దొరుకుతున్నాయి. నెలకు వందల రూపాయలు పోసి డబ్బా మందు కొంటూ, మాత్ర ఖరీదని మానేయడం నాకు అర్థం కాని లెక్క.

ఏది కలిపినా, మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, కాలేయ పరీక్ష చేయించి ఉంచుకోండి. మూడు నెలల తర్వాత అవే మళ్లీ చేయించండి, అంతకు ముందు చేస్తే హెచ్‌బీఏ1సీ పూర్తి మార్పు చూపదు. అంకె కదలకపోతే ఆ మూలిక మీకు పనిచేయలేదు, ఆపేయండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా మూడు నెలలు ఆగక్కర్లేదు, ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. డాక్టరుకు చూపించడానికి డబ్బా లేబుల్‌ను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, పేరు గుర్తు లేకపోయినా ఇబ్బంది ఉండదు. ఏదైనా ఆపరేషన్ తేదీ పడితే సారాలు, క్యాప్సూళ్లు రెండు వారాల ముందే ఆపి, ఆ సంగతి మత్తు డాక్టరుకు చెప్పండి. ఆ రోజు ఉపవాసంతో మాత్రల మోతాదు ఎలా మార్చాలో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి.